కిలో వాము

ఇట్లా దగ్గరికి జరగండమ్మా. దూరంగా కూర్చుంటే సగం వినపడుతుంది, మిగతా సగం మీరే కల్పించుకుంటారు. జయశీల గుమ్మం ముందు ఊరంతా కడుపు పట్టుకుని నిలబడింది అట్లా సగం విన్నవాళ్ల వల్లే.

తోటపల్లి గూడూరు పక్కన చిన్న ఊరు ఆమెది. భర్త పోయాక ఆమెకు తోడు పెరట్లో మునగచెట్ల కింద ఉన్న మూడు తేనెటీగల పెట్టెలే. ఆ ఏడు ఈగలకు పురుగు పట్టింది. ఆవగింజంత కూడా ఉండదు, ఎర్రగా నల్లిలా ఈగను కరుచుకుని పీల్చేస్తుంది. ఒక పెట్టె అప్పటికే సగం ఖాళీ అయింది.

పెట్టెలు ఇచ్చిన హరినాథ్ వచ్చి చూసి, విషం మందులు వద్దన్నాడు. చక్కెర మెత్తగా దంచి చల్లితే ఈగలు ఒకదాన్నొకటి దులుపుకుంటాయి, పురుగులు జారిపడతాయి. తేనెపట్టులో మగ ఈగల పిల్లలు పెరిగే గదుల్లో పురుగు ఎక్కువ చేరుతుంది కాబట్టి వాటిని కోసి తీసేయాలి. ఆ పైన కాస్త వాము పొడి పెట్టాలి. జయశీలకు ఆ "కాస్త" నచ్చలేదు. కాస్త పెడితే కాస్తే చస్తాయి గదా!

సోమవారం పొద్దున్నే, ఎండ ముదరకముందే పని ముగిద్దామని మునెయ్య కొట్టుకు వెళ్లి, ఉన్న వామంతా తూయమంది. సరిగ్గా కిలో తూగింది.

"ఇంత వామా! ఎవరికక్కా బాగలేదు?" అన్నాడు మునెయ్య.

"ఎవరికో ఒకరికిలే. నువ్వు కట్టియ్యి నాయనా."

ఈగలకు పురుగని తెలిస్తే తన తేనె ఎవరూ ముట్టరని ఆమె భయం. ఆ మాట వెనకాలే నిలబడ్డ ఫ్లోరా చెవిన పడింది. ముందురోజు చర్చిలో ప్రేమవిందు. గిద్యోను వండిన పలావును జయశీల రెండోసారి పెట్టించుకోవడం ఫ్లోరా కళ్లారా చూసింది. ఒంటి మనిషికి కిలో వాము కావాలంటే అదెంత నొప్పి! వీధి మలుపు తిరిగేసరికి ఫ్లోరా కడుపులోనూ ఏదో కదిలింది. కుళాయి దగ్గర ఆమె ఆ సంగతి చెబితే, బిందెలు పట్టుకున్నవాళ్లందరికీ కదిలింది. కొట్లో వాము లేదాయె. అందరూ జయశీల ఇంటికే వచ్చారు.

"పిడికెడు పెట్టక్కా, కడుపులో తిప్పతా ఉండాది," అంది ఫ్లోరా.

"నిన్న తిన్నదానికి ఇప్పుడు నొప్పేందే?"

"నీకెట్టా వచ్చిందో మాకూ అట్టనే వచ్చింది!"

అంతలో గిద్యోను గరిటె పట్టుకునే వచ్చాడు. "నా పలావుకు వంక పెట్టిందెవరు? ఇన్నేండ్లుగా వండతా ఉండా, తిని ఒక్కడన్నా చచ్చినాడా?"

"చావలేదులే అన్నా, నొప్పేగా," అని ఓదార్చింది ఫ్లోరా.

గిద్యోను కాసేపు అరిచి, ఆగి, పొట్ట తడుముకున్నాడు. "నాక్కూడా కాస్త పెట్టు చెల్లెమ్మా."

నిజం చెబితే తేనె పరువు పోతుంది. చెప్పకపోతే ఈగలు పోతాయి. మూలుగుతున్న మనుషులను చూస్తూ జయశీల కాదనలేకపోయింది. లోలోపల అందరినీ తిట్టుకుంటూనే పిడికెడు పిడికెడు పంచింది. వాళ్లు వెళ్లాక సంచి దులిపితే మూడు చిటికెళ్లు రాలాయి. కళ్లు తుడుచుకుని చక్కెర చల్లింది, మగగదులు కోసింది, ఆ చిటికెళ్లనే దంచి పెట్టెకొకటి పెట్టింది.

వారం తిరిగాక హరినాథ్ వచ్చి, పెట్టెల అడుగున పరిచిన కాగితాలు లాగి చూశాడు. వాటి నిండా రాలిన పురుగులే.

"భలే చేసినావు పెద్దమ్మా! వాము ఎంత పెట్టినావు?"

"చిటికెడే నాయనా. కిలో తెచ్చినా, ఊరు తినేసింది."

హరినాథ్ కాగితం వదిలేశాడు. "కిలోనా! ఈ ఎండల్లో అంత ఘాటు పెట్టుంటే ఈగలన్నీ పెట్టెలొదిలి లేచిపోయుండేవి. పురుగు మొత్తం చావాలని పట్టుబట్టగూడదు పెద్దమ్మా. ఈగలు ఓర్చుకునేంతకు తగ్గితే చాలు."

అతను వెళ్లాక జయశీల చాలాసేపు ఈగల రొద వింటూ పెట్టెల పక్కనే కూర్చుంది. ఆదివారం ప్రార్థనలో, తాను తిట్టుకున్న ఒక్కొక్కరి పేరూ తలచి స్తోత్రం చెల్లించింది. ఎందుకో మాత్రం వాళ్లకు చెప్పలేదు.

ఇది మనసులో పెట్టుకోండి, తీరికగా కూర్చున్నప్పుడు ఇంకొకరికి చెప్పండి. గిద్యోను పలావులో ఏ లోపమూ లేదని మాత్రం ఒక్కసారే చెప్పండి. రెండోసారి చెబితే అనుమానిస్తారు.