యలమందయ్యగారి పొగలు కక్కే స్నానం

ఆ గురువారం పొద్దున యలమందయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మిల్లుకు సెలవు పెట్టాలి. పదింటికి గుంటూరు నుంచి వచ్చే సబ్సిడీ ఇన్‌స్పెక్టరుకు మేడ మీద పెట్టించిన సోలారు హీటరు చూపించాలి. కుళాయి తిప్పి వేడినీళ్ళు పట్టించాలి. కాగితం మీద సంతకం పెట్టించుకుని, కాఫీ ఇచ్చి, పదకొండు గంటల బస్సు ఎక్కించాలి. అంతే. ఇందులో ఒకే ఒక్క లోపముంది. ఆ హీటరులోంచి వేడినీళ్ళు రావు. నలభై రోజులుగా రావడం లేదు. ఆ సంగతి యలమందయ్యకు తప్ప చిలకలూరిపేట మొత్తంలో ఎవరికీ తెలియదు.

యలమందయ్య పత్తి జిన్నింగు మిల్లులో గుమస్తా. మనిషి మంచివాడే. కానీ ఒకసారి నోటి వెంట వచ్చిన మాటను వెనక్కి తీసుకోవడమంటే ఆయనకు ప్రాణాంతకం. రెండువేల మూడు జనవరిలో, సోలారు హీటరు పెట్టించుకుంటే ఖర్చులో సగం సర్కారే తిరిగి ఇస్తుందని పేపర్లో చదివాడు. చదివిన మరుక్షణం నుంచి ఆ తిరిగొచ్చే సగం తప్ప, ముందు పెట్టాల్సిన మొత్తం ఆయన కళ్ళకు కనబడలేదు. ఇంట్లో ఉన్న డబ్బల్లా భార్య వెంకటేశ్వరమ్మ పొదుపు సంఘంలో మూడేళ్ళు కూడబెట్టుకున్నదే.

"అది వంటింట్లో గట్టు కట్టించుకోడానికి కదండీ!" అంది వెంకటేశ్వరమ్మ. "కింద కూర్చుని వండి లేచేసరికి నడుం పట్టేస్తోంది. గోడ పట్టుకుని లేస్తున్నా. ఈ ఏడాదైనా నిలబడి వండుకుందామనుకుంటే..."

"ఒసే పిచ్చిదానా, నేను చెప్పేదీ అదే! ముందు సోలారు పెడతాం. సగం డబ్బు వెనక్కొస్తది. ఆ డబ్బుతో నీకు గట్టు. సర్కారు సొమ్ముతో పెళ్ళానికి గట్టు కట్టించిన మగాణ్ణి ఈ పేటలో ఒక్కణ్ణి చూపించు!"

"గుంటూరు జిల్లాలో వేడినీళ్ళు కొనుక్కునే మగాణ్ణి మాత్రం మిమ్మల్నే చూశాను. నాలుగు రోజులు పోతే మామూలు ట్యాంకు నీళ్ళే ఒళ్ళు కాలుస్తాయి," అని ఆమె డబ్బు తెచ్చి చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు ఒక్క మాటే అడిగింది. "గట్టు ఖాయమేగా?"

"నా మాట కాదా?" అన్నాడు యలమందయ్య.

జనవరి నెలాఖరులో మేడ మీద సోలారు వెలిసింది. మంచమంత అద్దం పలక, దాని వెనక తెల్లటి గుండ్రటి ట్యాంకు. పాత నల్ల ట్యాంకు పక్కనే ఉంది. మొదటి రెండు వారాలూ నీళ్ళు నిజంగానే కాలాయి. యలమందయ్య స్నానాల గదిలోంచి "అబ్బబ్బ! పొగలు కక్కుతున్నాయే!" అని కేకలేశాడు. పక్కింటి రహమతున్నీసా విన్నది. ఎదురింటి రెబ్కా టీచరు విన్నది. సందు మొగలో కాఫీ హోటలు నడిపే ఆదెయ్య విని, "మా బాయిలరు కంటే వేడా ఏంట్రా?" అని అడిగాడు కూడా. యలమందయ్యకు ఆ రోజుల్లో నడకే మారిపోయింది.

తర్వాత ఒక రోజున నీళ్ళు చల్లబడ్డాయి. ఆ మర్నాడూ అంతే. యలమందయ్యకు గుండెల్లో రాయి పడింది. మిషను చెడిపోయిందంటే వీధంతా నవ్వుతుంది. కంపెనీకి ఫిర్యాదు రాస్తే, చెడిపోయిన మిషనుకు సబ్సిడీ ఎందుకని ఆఫీసువాళ్ళు కాగితం పక్కన పడేస్తారేమో. అన్నిటికంటే ముఖ్యం, వెంకటేశ్వరమ్మ మొహం ఎలా చూస్తాడు? కాబట్టి ఆయన తెల్లవారుజామున చన్నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుని, పళ్ళు టకటక కొట్టుకుంటూ, "అబ్బబ్బ! పొగలే! చర్మం ఊడొచ్చేట్టుంది!" అని రోజూ అరుస్తూనే వచ్చాడు. నీళ్ళు ఎంత చల్లగా ఉంటే అంత గట్టిగా అరిచాడు.

పైకెక్కి చూద్దామంటే ఆయన ఇంటికి మెట్లు లేవు. రెండు ఇళ్ళ మేడలూ కలిసే ఉంటాయి కాబట్టి రహమతున్నీసా ఇంటి మెట్ల మీదుగా వెళ్ళాలి. ఆమె భర్త లారీ మీద దేశాలు తిరుగుతుంటాడు. మగదిక్కు లేని ఇంట్లోకి నేనెలా వెళ్ళనని యలమందయ్య మొహమాటం. పైగా అది పత్తి సీజను. ఆయన ఎనిమిదింటికి మిల్లుకు వెళితే పొద్దుగూకాక గానీ రాడు.

ఇంతలో ఉత్తరం వచ్చింది. ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి తనిఖీ చేస్తారట. ఎండలో నీరు యాభై డిగ్రీలకు తగ్గకుండా ఉండాలట. మార్చి ముప్పై ఒకటి దాటితే ఆ ఏడాది నిధులు వెనక్కి పోతాయట. యలమందయ్య ఉత్తరం మూడుసార్లు చదివాడు. భార్య అడిగితే డిగ్రీల సంగతి మింగేసి, "ఏం లేదే, మనం దాన్ని సరిగ్గా వాడుకుంటున్నామో లేదో చూడ్డానికి వస్తున్నాడు. ఊరికే పెట్టి వదిలేసినవాళ్ళకి డబ్బియ్యరంట," అన్నాడు.

"వాడుకోవడమేగా? మీకెందుకు, నాకొదిలేయండి," అంది వెంకటేశ్వరమ్మ, చాలా నిబ్బరంగా.

ఆ నిబ్బరం ఎక్కడినుంచి వచ్చిందో ఆయన ఆలోచించి ఉంటే బాగుండేది. ఆయన ఆలోచనంతా ఆదెయ్య బాయిలరు మీద ఉంది.

గురువారం ఎనిమిదిన్నరకు ఆదెయ్యను పక్కకు పిలిచి చెవిలో ఊదాడు. ఆదెయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే ఇన్నాళ్ళూ చన్నీళ్ళు పోసుకునా ఆ అరుపులు? ఒరేయ్, నువ్వు నాటకాల్లో చేరాల్సినోడివిరా!"

"నవ్వింది చాల్లే. నాలుగు డబ్బాల మరిగే నీళ్ళు పైకి మోసి ఆ ట్యాంకులో పొయ్యి. చచ్చి నీ కడుపున పుడతా. మా ఆవిడ గట్టు పోతే నేను ఇంట్లో తలెత్తుకోలేను."

ఆదెయ్య స్నేహానికి ప్రాణమిచ్చే మనిషి. రహమతున్నీసాను అడిగి, నాలుగు డబ్బాల నీళ్ళూ ఒక్కొక్కటే మెట్లెక్కించి పోసి, చెమటలు కక్కుతూ దిగొచ్చాడు. "పోశా. ట్యాంకులో నీళ్ళు అడుగంటి ఉన్నాయిలే, బాగా వేడెక్కుద్ది. అయినా పైన భలే కళకళలాడుతోందిరా, జాతరలాగుంది!" అన్నాడు. సోలారును మెచ్చుకుంటున్నాడనుకుని యలమందయ్య మీసం దువ్వుకున్నాడు.

పదింటికి ఇన్‌స్పెక్టరు జక్రయ్య వచ్చాడు. నెమ్మదైన మనిషి. చంకలో ఫైలు, జేబులో థర్మామీటరు, మొహంలో మార్చి నెల అలసట. కూర్చోమన్నా కూర్చోకుండా నేరుగా స్నానాల గదికి నడిచి, ఎర్ర బిళ్ళ ఉన్న వేడినీళ్ళ కుళాయి తిప్పి థర్మామీటరు పెట్టాడు. చూశాడు. విదిలించి మళ్ళీ పెట్టాడు.

"ఇరవై తొమ్మిది."

"ఇరవై తొమ్మిదా?" అన్నాడు యలమందయ్య. ఆ తర్వాత నీళ్ళు నమిలాడు. "కాసేపు వదిలితే... మొదట అట్లాగే వస్తాయండి..."

రెండు బకెట్లు నిండాయి. ఇరవై తొమ్మిది కదల్లేదు. జక్రయ్య నిట్టూర్చి, తుప్పంటిన చేయి కడుక్కుందామని పక్కనున్న చన్నీళ్ళ కుళాయి తిప్పాడు. తిప్పి, "అమ్మో!" అని అరిచి ఒక్క గెంతు వెనక్కి గెంతాడు. చేయి ఊదుకుంటూ ఆ కుళాయి కింద థర్మామీటరు పెట్టాడు. అరవై రెండు.

"యలమందయ్యగారూ, నా సర్వీసులో ఇట్లాంటిది చూడలేదండి. మీ సోలారు వేడినీళ్ళని చల్లార్చి ఇస్తోంది!"

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆదెయ్య నెమ్మదిగా గోడ చాటుకు జరిగాడు. "తెల్లదానికి మూత కనపళ్ళేదురా, అందుకని నల్లదాంట్లో పోశా," అని గుసగుసలాడి హోటలు వైపు ఒకటే నడక.

"పైకి వెళ్ళి చూద్దాం పదండి," అన్నాడు జక్రయ్య. రహమతున్నీసా కొంగు సర్దుకుని తలుపు బార్లా తెరిచి, "రండి భాయీ, మీకోసమే చూస్తున్నాం," అంది. ఆ మాటకే యలమందయ్యకు ఏదో తేడా కొట్టింది.

పైన ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక సోలారు అద్దం ఒక్క అంగుళం కూడా కనబడటం లేదు. పాత చీర పరిచి, దాని మీద నిండా చల్ల మిరపకాయలు. పొట్ట చీల్చి, ఉప్పేసిన మజ్జిగలో నానబెట్టిన పచ్చిమిరపకాయలు, కిందికి జారకుండా అంచున ఇటుకలు అడ్డం పెట్టి ఆరబోశారు. ఒక మూల రెబ్కా టీచరు కాకరకాయ వరుగులు, ఇంకో మూల రహమతున్నీసా గుమ్మడి ఒడియాలు. పలక నాలుగు మూలలా పసుపు కుంకుమా బొట్లు.

"చూడండి సార్," అంది వెంకటేశ్వరమ్మ, మొహం వెలిగిపోతూ. "ఎంత బాగా వాడుతున్నామో! మా సంఘంవాళ్ళందర్నీ రమ్మన్నాను. చీర రోజూ అద్దమంతా పరుస్తాం గానీ, కాయలు సగం మేరే ఉంటాయి. ఇవాళ మీరొస్తున్నారని ఖాళీ లేకుండా పరిచాం."

యలమందయ్య కనబడని అద్దం వైపు వేలు చూపించాడు. "ఎప్పట్నుంచే ఇది?"

"నలభై రోజులైంది. మీరు మిల్లుకెళ్ళగానే ఆరబోస్తాం, సాయంత్రం ఎత్తి మజ్జిగలో వేస్తాం. అద్దం వేడిగా ఉంటది, చీమలుండవు, కాకి వాలదు, ఏటవాలు కాబట్టి చల్లంతా కిందికి కారిపోతది."

"మరి నీళ్ళు వేడెక్కవని తెలీదటే!"

"ఎట్లా తెలుస్తదండీ?" అంది ఆమె, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఆ వేడినీళ్ళు మీరే పోసుకుంటారాయె, నాకు చన్నీళ్ళే అలవాటు. మొదటి రోజు భయపడుతూనే పెట్టాను. మర్నాడు పొద్దున మీరు పొగలని అరిచారు. సరే, ఏం కాలేదులే అని ఇంకాసిని పెట్టాను. మీరు ఇంకా గట్టిగా అరిచారు. చర్మం ఊడొస్తోందన్నారు. అప్పుడే రహమతున్నీసాని కూడా తెచ్చుకోమన్నా."

ఆడవాళ్ళందరూ యలమందయ్య వైపు చూశారు. ఆయన ఆకాశం వైపు చూశాడు.

"అమ్మా," అన్నాడు జక్రయ్య మెల్లగా, "నీళ్ళు వేడెక్కకపోతే హీటరుకు సబ్సిడీ రాయలేనండి. అద్దానికి ఎండ తగలాలి. ఈ ఏడాదికి మళ్ళీ తనిఖీ లేదు."

వెంకటేశ్వరమ్మ మొహంలో వెలుగు ఆరిపోయింది. ఆమె ఒక మిరపకాయ తీసి, ఇటు తిప్పి అటు తిప్పి, అక్కడే పెట్టింది. "అయితే గట్టు లేనట్టేగా," అంది. నలభై రోజుల చన్నీళ్ళు కలిపి ఒక్కసారే నెత్తిన పోసినా యలమందయ్యకు అంత వణుకు పుట్టేది కాదు. "తప్పంతా నాదే సార్," అన్నాడు. "మొదటి రోజే చల్లగా ఉన్నాయని చెప్పి ఉంటే, మా ఆవిడ ఆ రోజే ఇవన్నీ తీసేసేది. నా గొప్పకి పోయి దాని గట్టు పోగొట్టాను."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన తప్పు ఒప్పుకోవడం వెంకటేశ్వరమ్మ వినడం అదే మొదలు. ఆమె గట్టు సంగతి మర్చిపోయి ఆయన వంకే చూసింది.

జక్రయ్య మాత్రం పలక దగ్గర వంగి ఒక ఎండిన మిరపకాయను విరిచి చూస్తున్నాడు. ఫట్‌మని విరిగింది. "అమ్మా, నేల మీదైతే ఇవి ఆరడానికి ఎన్ని రోజులు?"

"వారం పడతది సార్. దీని మీద మూడు రోజులే."

"మీరంతా ఒకే పొదుపు సంఘమా?"

"అవునండి. నేనే లీడర్ని," అంది రెబ్కా టీచరు ముందుకొచ్చి.

జక్రయ్య ఇటుక మీద కూలబడి ఫైలు విప్పాడు. అడుగునున్న పచ్చ కాగితం బయటికి తీశాడు. ఆయన మొహంలో మార్చి నెల కొంచెం తగ్గింది. "మహిళా సంఘాలకు ఎండతో పంట ఆరబెట్టుకునే పరికరాలని ఇంకో పథకం ఉందమ్మా. జిల్లాకి ఇరవై ఇవ్వాలి. ఏడాదంతా తిరిగినా ఒక్క దరఖాస్తు రాలేదు. ముప్పై ఒకటిలోగా ఒక్కటన్నా చూపించకపోతే మెమో నాకొస్తది. దీనికి సగం కాదు, ముప్పాతిక ఇస్తారు. షరతు ఒక్కటే. పరికరం నిజంగా వాడకంలో ఉండాలి." మేడ మీద ఓసారి కలియజూశాడు. "ఇంతకంటే వాడకం నేను రాయలేను. కాకపోతే ఆ నీళ్ళ గొట్టాలు తీసేయాలి. డబ్బు సంఘం పేరున వస్తది. సంఘం యలమందయ్యగారి ఆవిడకి ఇచ్చుకుంటది."

యలమందయ్య దండం పెట్టబోయి, ఎవరికి పెట్టాలో తెలియక, మిరపకాయలకే పెట్టాడు.

జక్రయ్య పదకొండు గంటల బస్సు అందుకోలేదు. పెరుగన్నంలోకి వేయించిన చల్ల మిరపకాయలతో భోజనం చేసి ఒంటిగంట బస్సుకు వెళ్ళాడు. గొట్టాలు మర్నాడే ఊడదీశారు. ప్రభుత్వం మీద యలమందయ్యకున్న అంచనాలన్నీ తలకిందులు చేస్తూ, మే నెల రెండో వారానికే డబ్బు వచ్చింది. వంటింట్లో నల్లరాతి గట్టు లేచింది, వెంకటేశ్వరమ్మ నడుము ఎత్తుకు కొలిచి మరీ.

గట్టు మీద మొదటిసారి పొయ్యి వెలిగించిన రోజు మధ్యాహ్నం, యలమందయ్య మిల్లు నుంచి పెందలాడే వచ్చి, పత్తి దూది దులుపుకుని స్నానానికి వెళ్ళాడు. మూడింటి ఎండ మేడ మీద నల్ల ట్యాంకును ఉతికి ఆరేస్తోంది. నిండు చెంబు వీపున గుమ్మరించుకుని కెవ్వుమన్నాడు.

"ఏమైందండీ?" వంటింట్లోంచి వెంకటేశ్వరమ్మ అడిగింది, హాయిగా నిలబడి మిరపకాయలు వేయిస్తూ.

"కాలిపోతున్నాయే! పొగలే! ఒట్టు, చర్మం ఊడొస్తోందే!"

"అలాగేలెండి," అందామె. గోడ అవతల రహమతున్నీసా, ఎదురింట్లో రెబ్కా టీచరు, సందు మొగలో ఆదెయ్య ఒకేసారి పకపకా నవ్వారు.

నలభై రోజులు చన్నీళ్ళు పోసుకుని అరిస్తే వీధి వీధంతా నమ్మింది గానీ, వీపు బొబ్బలెక్కిన ఆ ఒక్కరోజున మాత్రం ఎవరూ నమ్మలేదు.