నాలుగు నొక్కితే సెల్లారు

ఆ ఉదయం యజ్ఞనారాయణ పెట్టుకున్న పని ఒక్కటే. లీదియా గారు వచ్చేసరికి నాలుగో అంతస్తు చల్లగా ఉండాలి. మాదాపూర్ బండరాళ్ల మధ్య కొత్తగా లేచిన బిల్డింగులో ఆయన ఓ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు మేనేజరు. లీదియా ఓ ఆస్పత్రికి సూపరింటెండెంటు. రెండువేల సంవత్సరం వస్తే ఆస్పత్రి కంప్యూటరు ముసలి రోగుల్ని ఇంకా పుట్టనివాళ్లుగా చూపిస్తుందట. దాన్ని సరిచేసే కాంట్రాక్టు ఆవిడ చేతిలో ఉంది.

"ఆవిడకి చెమట పట్టిందంటే కాంట్రాక్టు పోయినట్టే. అది పోతే మీరు కూడా రేపట్నించి రానక్కర్లేదండీ," అన్నాడు యజమాని ఆదర్శ్.

ఆదర్శ్ తన ఏర్పాటు తాను చేసుకున్నాడు. ఆస్పత్రి పని నిజంగా చేస్తూ, రాత్రుళ్లు నిద్రలేక గడ్డాలు పెరిగిన శ్యామ్‌నీ, జాషువానీ పాత కంప్యూటర్లతో సహా సెల్లారులో స్కూటర్ల వెనక్కి పంపాడు. పైన కొత్త కంప్యూటర్ల ముందు ఇద్దరు బావమరుదులకు టైలు కట్టి కూర్చోబెట్టాడు. వాళ్ల పని మీటలు నొక్కడం.

తీరా చూస్తే ఏసీ మూలుగుతోంది గానీ లేవడం లేదు. మూడు ఫేజుల్లో ఏసీకి వచ్చేది డల్లుగా ఉంది.

"ఫికర్ చేయకుండ్రి సార్," అన్నాడు వాచ్‌మన్ లింగమూర్తి. "మెయిన్‌ల రెండు వైర్లు అటుదిటు మారుస్త. మా బస్తీల రోజూ గదే పని."

మార్చాడు. ఏసీ లేచింది. యజ్ఞనారాయణ చల్లగాలికి కళ్లు మూసుకునేలోపే ఆఫీసులో కాఫీలిచ్చే కనకమ్మ ఫ్లాస్కుతో రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏంది సారూ గీ లిఫ్టు! రెండో అంతస్తుల ఎక్కి నాలుగు నొక్కితే కిందికి గుంజుకపోయింది. ఎర్ర బటన్ నొక్కి కింద దుంకిన. జర్రుంటే పానం పోతుండె!"

పాలిటెక్నిక్‌లో చదివిన పాఠం యజ్ఞనారాయణకు అప్పుడు గుర్తొచ్చింది: ఏ రెండు ఫేజులు మారినా మోటారు వెనక్కి తిరుగుతుంది. అలాంటప్పుడు లిఫ్టును ఆపేసే పరికరం ఒకటుండేది. అది ఎండాకాలంలో కాలిపోతే బిల్డింగువాళ్లు దాన్ని తీసేసి డైరెక్టు చేశారు. ఆయన డాబా మీది లిఫ్టు గదికి పరుగెత్తి, కరెంటు ఆపి, మోటారు వైర్లలో రెండింటిని మార్చేశాడు. ఎవరికీ చెప్పలేదు.

కనకమ్మ కేక కింద లింగమూర్తికీ వినబడింది. మోటారు సంగతి ఆయనకూ తెలుసు. ఆయన కింద లిఫ్టు స్విచ్చి దగ్గర రెండు వైర్లు మార్చేశాడు. ఆయనా ఎవరికీ చెప్పలేదు.

ఇద్దరూ గేటు దగ్గర కలిశారు.

"లిఫ్టు...?" అన్నాడు యజ్ఞనారాయణ.

"మంచిగుంది సార్."

"అవునవును, బాగానే ఉంది."

ఎక్కి చూద్దామంటే లీదియా కారు గేట్లోకి వచ్చేసింది.

ఆదర్శ్ ఆవిణ్ణి లిఫ్టులోకి తీసుకెళ్లి నాలుగు నొక్కాడు. లిఫ్టు ఒకసారి వణికి కిందికి బయల్దేరింది.

"మీ ఆఫీసు పైన అన్నారు కదండీ?"

"పైనేనండీ. ఇది... కాస్త కిందికెళ్లి ఊపు తెచ్చుకుంటుందండీ."

లిఫ్టు సెల్లారు నేలకు దబ్బుమని తగిలి ఆగింది. ఆదర్శ్ గ్రిల్ తలుపు వెయ్యబోయాడు. ఆవిడ తీసింది. స్కూటర్లు, దోమల బత్తి పొగ, లుంగీల్లో ఇద్దరు మనుషులు.

"కనకమ్మా, కాఫీ అక్కడ పెట్టు!" తల తిప్పకుండానే అరిచాడు జాషువా. "ఆస్పత్రి తాతగారు ఇప్పుడే పుట్టాడు. డెబ్బై ఏళ్లు!"

లీదియా మెల్లగా వెళ్లి, స్టూలు లాక్కుని, తెరమీద తాతగారి వయసు చూసింది. ఇంకో రోగిని చూపించమంది. ఇంకొకర్నీ చూపించమంది. అందరూ సరిగ్గానే పుట్టారు.

యజ్ఞనారాయణ మెట్లమీంచి దొర్లినట్టు దిగొచ్చాడు. "తప్పు నాదండీ. లిఫ్టు వైర్లు నేనే మార్చానండీ. రేపట్నించి రానులెండి."

వెనకే లింగమూర్తి. "గదేంది సార్! మార్చింది నేను గద!"

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఒకరు సరిచేసినదాన్ని ఇంకొకరు మళ్లీ తిప్పేశారు.

"ఈయన్ని పంపించేస్తారా ఏంటి?" అంది లీదియా యజ్ఞనారాయణను చూపిస్తూ ఆదర్శ్‌తో. "ఈయన లేకపోతే నేను నేరుగా పైకే పోదును. మీ టైలు చూసి వెనక్కి పోదును. కాంట్రాక్టు మీకే ఇస్తా, కానీ ఈ పిల్లల్ని ఇవాళే చల్లటి చోట కూర్చోబెట్టాలి."

ఆ సాయంత్రం లుంగీలు నాలుగో అంతస్తుకు ఎక్కాయి, టైలు సెల్లారుకు దిగాయి. అందరూ మెట్ల మీదే.