నూకరాజు మూసిన అరవై లీకులు

ఆ గురువారం పొద్దున్న నూకరాజు వేసుకున్న ప్లానులో తప్పేమీ లేదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ చర్చిలో పాత ఆర్గన్ తిత్తిని ఎలకలు కొరికాయి. గోల్ బజార్లో కొన్న మేకతోలుతో దానికి అతుకు వేయాలి, ఇంటికొచ్చి స్నానం చేయాలి, మూడింటికి గార్డు దేవదానం అంత్యక్రియలకి వెళ్లాలి. దేవదానం పక్క క్వార్టర్ మనిషే. భార్య కరుణమ్మ టీచర్ ఆర్గన్ వాయిస్తుంటే ఆయన వెనక నిలబడి, కర్రపిడి ఊపి తిత్తిలోకి గాలి కొట్టేవాడు. తనని సాగనంపేటప్పుడు నువ్వే వాయించాలని పోయే ముందు ఆమె దగ్గర మాట తీసుకున్నాడు.

అతుకు తొమ్మిదిన్నరకే అయిపోయింది. అక్కడితో ఇంటికి పోతే ఏ గొడవా లేదు. పోతేనా! నూకరాజు రైల్వేలో బ్రేకు పైపుల ఫిట్టరు. పైపన్నది కనిపిస్తే సబ్బు నురగ పూసి, బుడగ ఎక్కడొస్తుందో చూడనిదే ముప్ఫై ఏళ్లలో ఒక్కనాడూ చెయ్యి కడుక్కోలేదు. తన కింద పనిచేసే ఖలాసీ అప్పలకొండని పిడి ఊపమన్నాడు. హార్మోనియానికి ఉన్నట్టే దీనికీ ఉన్న మెట్లన్నిటి మీదా ఒక చెక్క అడ్డంగా పెట్టి నొక్కాడు. అరవై పైపులూ ఒక్కసారిగా బావురుమన్నాయి.

ఇంత చప్పుడంటే ఎంత లీకో అనుకున్నాడు. నురగ పూసి చూస్తే ప్రతి పైపుకీ కింది భాగాన ఒక చీలిక, దాని నిండా బుడగలు. పైన తెరిచి ఉండడం సరే, పొగగొట్టానికీ ఉంటుంది. పొట్టలో కన్నమేమిటి? తెల్లదొరలు పోయాక దీన్ని పట్టించుకున్న నాథుడే లేడని జాలిపడి, షెడ్డు నుంచి పుట్టీ తెప్పించి, ఒంటిగంట దాకా కూర్చుని అరవై చీలికలూ మూసేశాడు. మళ్లీ నొక్కితే చప్పుడు లేదు. పాట టీచర్ వేళ్లలోంచి వస్తుంది, ఆ బావురుమనడం లీకుల్లోంచి వస్తుందని అతని లెక్క; పని బాగా కుదిరిందనుకున్నాడు.

మూడింటికి చర్చి నిండింది. టీచర్ మెట్లు నొక్కింది. ఏమీ పలకలేదు. దుఃఖంతో ఆమెకి వేళ్లు ఆడడం లేదనుకుని పాస్టరుగారు అందర్నీ కాసేపు మౌనంగా ఉండమన్నారు. వెనక దేవదానం చోట పిడి పట్టుకున్న నూకరాజు గాలి చాలలేదనుకుని అప్పలకొండని కూడా పిలిచాడు. ఇద్దరూ కలిసి ఊపేస్తుంటే ఆమె పదివేళ్లతో నొక్కింది. అయినా పలకలేదు. పాస్టరుగారు మౌనాన్ని పొడిగించారు.

టీచర్ వెనక్కి వంగింది. "ఏటి చేసావు నూకరాజూ?"

"ఒక్క లీకు ఒగ్గలేదు టీచరమ్మా. చీలికలన్నీ మూసీసాను."

"అవి దాని నోళ్లు నాయనా."

నూకరాజు సిగ్గుపడిపోయాడు. పోయినాయనకి టీచర్ ఇచ్చిన మాట తన చేతుల్లో పాడైపోయింది. పిడి వదిలేయబోతే ఆమె ఆపొద్దంది.

పాట లేని ఆ చర్చిలో అప్పుడు వినబడింది. పిడి కిర్రుమనడం, తిత్తి నిండడం, దిగడం, పైపుల్లోంచి గాలి పోవడం. ఇరవై ఆరేళ్లు దేవదానం చేసిన పని అదే. పాట మాటున ఎవరికీ వినబడలేదు, వాయించిన ఆమెకి కూడా. మూడ్రోజులుగా కంటతడి పెట్టని మనిషి ఆర్గన్ మీద తల ఆనించి ఏడ్చింది.

సమాధిలో మట్టి వేశాక నూకరాజు తల వంచుకుని ఓ పక్కన నిలబడ్డాడు. టీచర్ అతని దగ్గర ఆగింది.

"నా వంతు వచ్చినప్పుడు కూడా నువ్వే ఊపాలి నూకరాజూ," అంది. కళ్లు తుడుచుకుని ఇంకో మాట చేర్చింది: "పని సామాను మాత్రం తేకు."