రైతు నడకకు అనుమతి

మనిషి నడవడానికి కాళ్లుంటే చాలునన్న దురభిప్రాయం ఒకటి లోకంలో చాలాకాలం చలామణీ అయింది. 1986లో ఏర్పడిన ‘జిల్లా కంప్యూటరు పాత్రల చలన పరిశీలక సంఘం’ దాన్ని సరిదిద్దింది.

సంఘం చేతికి మొదట చిక్కినవాడు ఒక మిరప రైతు. అతన్ని గీసింది సత్తెనపల్లిలో ఒక బడి లెక్కల టీచరు జ్ఞానప్రసూనాంబ. బడికి కంప్యూటరు వచ్చినప్పుడు దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆవిడ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు గనక, ఆ ధైర్యం ఆవిడకే ఉండాలని హెడ్మాస్టరు తీర్మానించారు.

పుస్తకం చూసి నేర్చుకుని, గుంటూరులో జరగబోయే బడుల ప్రదర్శన కోసం ఆవిడ ఒక కంప్యూటరు ఆట మొదలుపెట్టింది. రైతు మిరపకాయల టిక్కీ, అంటే బస్తా, భుజానెత్తుకుని, కాలవలు దూకుతూ మార్కెట్ యార్డుకు చేరాలి. అంతే.

మొదట్లో బొమ్మ నడవలేదు. నూనె నేల మీద జారినట్టు జారింది. ఆవిడ పక్కింటి మిరప రైతు పీరును పిలిచి, భుజాన బస్తా పెట్టి, వాకిట్లో నడిపించింది.

“ఇంకొక్కసారి పీరూ.”

“ఇప్పటికి నడిచిన నడకకి గుంటూరు యార్డు వచ్చేసేదమ్మా,” అన్నాడు పీరు, మళ్లీ మొదలుపెడుతూ.

అప్పుడు కనిపించింది ఆవిడకు. అడుగు పడ్డప్పుడల్లా బరువుకు మనిషి కొంచెం కుంగుతున్నాడు. కుడికాలు ముందున్న బొమ్మ ఒకటి, ఎడమకాలు ముందున్నది ఒకటి, మధ్యలో తల తెర గళ్లలో ఒక గడి కిందికి దిగిన బొమ్మ ఒకటి గీసి వరసగా మార్చింది. తెర మీద మనిషి నడిచాడు. పొయ్యి మీద పప్పు మాడుతున్నా ఆవిడ లేవలేదు.

ప్రదర్శనకు ముందు సంఘం విచ్చేసింది. అధ్యక్షులు లక్ష్మీనరసింహం గారు అంతకుముందు బెంచీల మరమ్మతులు చూసేవారు (కదలిక గురించి ఆయనకున్న అనుభవం అదే). ఆవిడను పర్మినెంటు చేయమని సిఫారసు చేయవలసిందీ ఆయనే.

“నడుం వంగిందేమిటండీ? మన జిల్లా రైతు కష్టాల్లో ఉన్నాడనుకోరూ?”

“బస్తా బరువండీ.”

“అయితే బస్తా తీసేయండి.”

తీసేసింది. చెప్పుల్లేకపోవడం ఆరోగ్యశాఖకు చిన్నతనమన్నారు. చెప్పులు తొడిగితే, ఆ గళ్లలో పాదాలు పడవలంత అయ్యాయి. కాలవ దూకడం నీటిపారుదల శాఖ నిబంధనలకు విరుద్ధమని తేలింది, దూకుడు పోయింది. ఎడమకాలు ముందు పడటం అశుభమన్నారు; అదీ పోయింది. ఒక్క కుడికాలుతో అతను కుంటుతుంటే చూడలేక, సంఘమే దయతలచి, యార్డు గేటు తెరిచేదాకా అతను బయటే నిలబడాలని నిర్ణయించింది. గేటు తెరవడం మార్కెటింగు శాఖ పరిధిలోది గనక ఆటలో దానికి మీట పెట్టలేదు.

వాళ్లు చెప్పినవన్నీ ప్రసూనాంబ చేసింది. చేస్తూ చేస్తూ ఒక రోజు పీరు ఇంటి ముందు నుంచి తలవంచుకుని వెళ్లింది.

చివరి పరిశీలనలో అధ్యక్షులు తెరకు ముక్కు ఆనించి చూశారు.

“ఇంకా ఏదో కదులుతోందే.”

“ఛాతీ అండీ. ఊపిరి.”

“నిలబడ్డవాడికి ఊపిరెందుకండీ?”

“బతికున్నాడు కదండీ.”

“తీసేయండి.”

ఆవిడ మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. “తీయనండి. నా ఉద్యోగం తీసుకోండి.”

అధ్యక్షులు నొచ్చుకున్నారు. తాము అంత కర్కోటకులం కామని, మానవతా దృక్పథం తమకూ ఉందని చెప్పి, సభ్యులతో బయటికి వెళ్లి చర్చించి వచ్చారు.

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. టీచరు ఉద్యోగానికీ, రైతు ఊపిరికీ మార్చి నెలాఖరు దాకా తాత్కాలిక అనుమతి. పొడిగింపు కావలసినవారు ఎవరికి వారే గుంటూరు ఆఫీసుకు నడిచి రావాలి.