చేమాకు మీద నీటిబొట్టు

చిట్టిలంక గ్యాస్ బావిలోకి పంపిన నీళ్ళు "మేం పైకి రాం" అని అర్జీ పెట్టుకోవడం ఆ ఏడాదికి అది మూడోసారి. రాయిని పగలగొట్టడానికి నలభై ట్యాంకర్లు లోపలికి తోస్తే తొమ్మిదే తిరిగొచ్చాయి. మిగతావి రాతి సందుల్లో కాపురం పెట్టేశాయి. కింద చల్లగా ఉందట, ఇరుగుపొరుగు మంచివాళ్ళట, తమను కదపొద్దట. నీళ్ళు అడ్డం కూర్చుంటే గ్యాస్ రాదు. అయినా ఆఫీసులో ఎవరూ కంగారుపడలేదు. అర్జీకి నంబరు వేసి, మందు కలిపే గుబ్బల సత్తిరాజుకి పంపారు.

సత్తిరాజుకి ఆ పనంటే మహా ఇష్టం. మందు సబ్బు జాతిదే, రాతి మీద నీటికున్న పట్టు సడలిస్తుంది. పాళ్ళు కుదిరాయో లేదో అతను చేమాకు మీద చూసేవాడు. ఉత్త నీటిబొట్టు ఆకు మీద గోళీకాయలా దొర్లుతుంది, మందు కలిసినది చప్పబడి పరుచుకుంటుంది. మూడో రోజుకి ముప్పై ఒక్క ట్యాంకర్ల నీళ్ళూ నురగలతో పైకొచ్చి, అర్జీ వెనక్కి తీసుకున్నాయి. ఒక్క బొట్టూ పల్లెత్తు మాట అనలేదు.

తర్వాత రెండో బావికి స్థలం కావలసి వచ్చింది. పద్నాలుగు ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. అందులో సత్తిరాజు ఇల్లొకటి. అతని భార్య మంగాయమ్మ గడపగడపకీ తిరిగి వేలిముద్రలు వేయించి అర్జీ పెట్టింది. పెరట్లో చేమ మడి ఆవిడదే, అతని ఆకులన్నీ అక్కడివే.

"నీళ్ళని లాగేసినట్టు రేపు నన్నూ లాగేత్తావేంటయ్యా?" అంది.

"మనుషులకి వేరే రూలుంటాదే," అన్నాడు. నమ్మే అన్నాడు, పాపం.

వేరే రూలు లేదు. "మమ్మల్ని కదపొద్దు" అన్న మాట రెండు అర్జీల్లోనూ ఉండేసరికి గుమాస్తా రెంటినీ ఒకే ఫైల్లో పెట్టాడు. ఆ ఫైలు అలవాటు ప్రకారం సత్తిరాజు బల్ల మీదకే వచ్చింది.

"వెయ్యి లీటర్లకి రెండు లీటర్ల మందు, పాత లెక్కే. ఆ వీధి మంచినీళ్ళ ట్యాంకులో కలిపెయ్యండి," అన్నాడు ఇంజనీరు.

"అందులో మా ఆవిడ కూడా ఉందండి."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం సత్తిరాజు గారూ. మీ చేతి మందైతే నొప్పి తెలీదు."

ఉద్యోగంలో చేరాక అతన్ని 'గారూ' అన్నది అదే మొదటిసారి. సత్తిరాజు పొంగిపోయి కలిపేశాడు. తను మాత్రం ఆఫీసు నీళ్ళతో సరిపెట్టుకున్నాడు.

మూడో రోజు పొద్దున్నే వీధంతా ఆటోలు. మంగాయమ్మ ఒక మూట, ఒక సీసా ట్యాంకు నీళ్ళు పట్టుకుని ఆటోలో కూర్చుంది. వెనక ఇంటి తలుపు బార్లా తెరిచే ఉంది.

"తాళం వెయ్యవా?"

"ఎందుకయ్యా, ఏవుందక్కడ?"

అలా అంటున్నప్పుడే ఆవిడ కంట్లోంచి ఒక్క చుక్క జారింది. సత్తిరాజు చెయ్యి అలవాటుగా దాని కింద చేమాకు పట్టింది. బొట్టు దొర్లలేదు, ఆకంతా పరుచుకుంది. గుండె కలుక్కుమంది. పాళ్ళు మాత్రం ఇంత చక్కగా ఎప్పుడూ కుదరలేదు. రిజిస్టరు తీసి రాశాడు: రావలసినవి పద్నాలుగు, వచ్చినవి పద్నాలుగు.

"ఆ నీళ్ళు నాకూ కాస్త ఇయ్యవే," అన్నాడు.

సీసా ఖాళీ చేసి, హాయిగా పక్కన కూర్చున్నాడు. ఎక్కడికి పోనివ్వమంటారని ఆటో అతను అడిగాడు.

"నువ్వెక్కడ దింపితే అక్కడే బాబూ," అన్నారిద్దరూ.