టింగ్ అంటే భోజనం

మా ఇంట్లో బల్బులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మనుషులం మానేశాం. నాగరికత అంటే ఇదే కదండీ!

నవ్వకండి. నోరు వాడటం పాతకాలపు అలవాటు. గొంతు బొంగురుపోతుంది, పక్కింటివాళ్లు వింటారు, పైగా ఎదుటివాళ్లు జవాబు చెబుతారు. ఇంట్లోని పరికరాలన్నిటినీ కలిపి నడిపించే స్మార్ట్ హోమ్ హబ్‌తో ఈ బాధలేవీ లేవు. ప్రతి ఇంటా ఒక హబ్ ఉండి తీరాలని ఈ కాలమ్ ముఖంగా డిమాండ్ చేస్తున్నాను.

ముందు దాన్ని ఎంచుకోవడంలో ఉన్న ఆనందం చెప్పాలి. ఇంటిని ఒక్క సాయంత్రం చూసి కొనేసినవాణ్ని, హబ్ కోసం నెలంతా రివ్యూలు చదివాను. ఒక హబ్ తలుపు తాళంతో మాట్లాడుతుంది గానీ బల్బుల్ని పలకరించదు. ఇంకొకటి బల్బులతో కలిసిపోతుంది గానీ తాళం మొహం చూడదు. చివరికి అందరితోనూ సర్దుకుపోయేది ఒకటి దొరికింది. మా బంధువుల్లో అలాంటి మనిషి ఇంతవరకూ దొరకలేదు.

బిగించే పని మా బావమరిది నెత్తిన వేసుకున్నాడు. అతను ఏ ఇంటికెళ్లినా టీవీ సెట్టింగులు మార్చందే మంచినీళ్లు ముట్టుకోడు. మెష్ నెట్‌వర్క్ అంటే ఏమిటో అతనే విప్పి చెప్పాడు. హాల్లో ఉన్న హబ్ గొంతు ఇల్లంతా వినబడదట. అది వరండా బల్బుకి చెబితే, వరండా బల్బు బాత్రూమ్ బల్బుకి చెబుతుంది, అది నా వెనక గదికి అందిస్తుంది.

"మీ గదికి దారి బాత్రూమ్ బల్బే బావగారూ. దాని గోడ స్విచ్ మాత్రం ఎవరూ ఆర్పకూడదు. కరెంటు పోతే అది కబురు అందించలేదు," అన్నాడు.

మరి వెలుగు అక్కర్లేకపోతే? ఫోన్‌లో ఆర్పుకోవాలట. బాత్రూమ్‌లోకి ఫోన్ పట్టుకెళ్లడానికి ఇన్నాళ్లకు నాకో గౌరవప్రదమైన కారణం దొరికింది!

ఇల్లు కొన్ననాటి నుంచి లైట్లు ఆర్పండని అరిచిన నేను, ఇప్పుడు ఆర్పకండని అరుస్తున్నాను. స్విచ్‌లన్నిటికీ టేపు అంటించాను. మాతోనే ఉండే మా అత్తగారు మాత్రం బాత్రూమ్ లోంచి వస్తూ, అలవాటుకొద్దీ టేపు మీదనుంచే టక్కున నొక్కేస్తారు. మరుక్షణం నా గదిలో హబ్ నడిపే మోటారు కర్టెన్ సగంలో ఆగిపోతుంది. అత్తగారి చేతి అలవాటుకీ అల్లుడి కర్టెన్‌కీ ఇంత దగ్గర సంబంధం కలిపిన టెక్నాలజీని మెచ్చుకోవద్దూ?

ఇక భోజనం సంగతి. వంటింట్లో ఒక బటన్, నా గదిలో ఒక గంట. మా ఆవిడ బటన్ నొక్కితే ఇక్కడ టింగ్ మంటుంది. టింగ్ అంటే భోజనం. టింగ్ టింగ్ అంటే వాషింగ్ మెషిన్ ఆగింది. ఒకట్రెండుసార్లు లెక్క తప్పి, ఆకలితో వెళ్లి తడిబట్టలు ఆరేసి వచ్చాను. అయినా ఎంత శుభ్రమైన పద్ధతి!

హబ్ రాకముందు ఎంత అధ్వాన్నంగా ఉండేదో తెలుసా? మా ఆవిడ వంటింట్లోంచి, నాన్నని అన్నానికి రమ్మనమని అమ్మాయికి చెప్పేది. అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండా, కూర చల్లారిపోతోందట అని అమ్మమ్మకి అందించేది. అమ్మమ్మ నా గుమ్మం దాకా నడిచొచ్చి, కూర అయిపోయిందట, మీకు లేదట అని ప్రకటించేవారు. నేను పరుగెత్తుకెళ్లేవాణ్ని. తీరా చూస్తే కూర గిన్నె నిండా ఉండేది. ముగ్గురూ పడీపడీ నవ్వేవాళ్లు, నేను కోప్పడుతూ తినేవాణ్ని.

చూశారా, ఒక్క చిన్న కబురు మూడు నోళ్లు మారేసరికి ఎంత చెడిపోయిందో! గంట అలా చెయ్యదు. టింగ్ మని ఊరుకుంటుంది. వెళ్తాను, తింటాను, వస్తాను. ఎవరూ నవ్వరు. మొదట్లో హాయిగానే ఉండేది.

ఈమధ్య ఏమిటో, సరిగ్గా వంట పూర్తయ్యే వేళకి నెట్‌వర్క్ తెగిపోతోంది. బావమరిది వచ్చి హబ్‌ని రీసెట్ చేశాడు. ఫలితం లేదు. చివరికి కన్నతల్లినే అనుమానించి, స్విచ్ ఆర్పుతున్నది నువ్వేనా అని నిలదీశాడు. ఆవిడ ఔనన్నట్టు తలూపారు. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

నిన్న కూడా బాత్రూమ్ బల్బు ఆరింది. గంట మోగలేదు. నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. వంటింట్లో మా ఆవిడ గొంతు వినబడింది, తర్వాత అమ్మాయి గొంతు, తర్వాత మెల్లగా చెప్పుల చప్పుడు. అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు.

"అల్లుడుగారూ, కూర అయిపోయిందట. మీకు లేదట," అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నింద నేను మోస్తాలెండి. కానీ ఆర్పాక ఆ టేపు మళ్లీ అంటించండి. నేనెప్పుడూ టేపు పీకను," అన్నారు.

పరుగెత్తుకెళ్లాను. కూర గిన్నె నిండా ఉంది.

అందుకే చెబుతున్నాను, మీరూ ఒక హబ్ కొనుక్కోండి. ఆర్పడానికైనా ఇంట్లో ఒకటి ఉండాలి.