శుక్రవారం ఉప్పు

ఇంట్లో సరుకు నిల్వ ఉంచడం మహాపాపమని వర్తూరులోని ఓ అపార్ట్‌మెంటులో మల్లికార్జున్ ప్రకటించాడు. ఆప్‌లో ఆర్డరిస్తే సరుకులు ఇంటికి చేర్చే కంపెనీవారి హొసకోటె గోదాములో అతను సప్లై చెయిన్ వైస్ ప్రెసిడెంట్ (ఇంకా కాలేదు, అదే అతని దిగులు). ఏ వస్తువైనా అవసరమైన క్షణానికే రావాలి, ముందొస్తే దండగ అంటూ పోపులడబ్బా కూడా ఖాళీ చేయించాడు. వద్దని చెప్పి చెప్పి భార్య వరూధినికి నోరు ఎప్పుడో నొప్పిపుట్టింది.

ప్రమోషన్ తేల్చాల్సిన పెద్దసారు స్టాన్లీ శుక్రవారం భోజనానికొచ్చాడు. సాంబారు ఉడుకుతోంది. ఉప్పు లేదు.

"ఆప్‌లో పెట్టేశా, వచ్చేస్తుంది," అన్నాడు మల్లికార్జున్.

రాలేదు. ఉప్పు అతని గోదాములోనే ఉంది. బండి నిండితే గానీ గేటు దాటకూడదన్న రూలు కూడా అతనిదే. 'మీ ఉప్పు ఉత్సాహంగా బయల్దేరబోతోంది' అని ఆప్ మాత్రం చెబుతూనే ఉంది.

అపార్ట్‌మెంటు గేటు పక్కన నాగరాజు అంగడి ఉండేది. ముప్పై ఏళ్లు నడిచి, ఆప్ దెబ్బకు నిరుడు మూతపడింది. మల్లికార్జున్ గిన్నె పట్టుకుని దాని వెనకే ఉన్న నాగరాజు ఇంటికి పరుగెత్తాడు.

"శుక్రవారం ఉప్పు గడప దాటిస్తే లక్ష్మి ఎళ్ళిపోతాదప్పా, ఇచ్చేకి కాదు," అంది నాగరాజు భార్య అనసూయ. అతని మొహం చూసి మళ్ళీ జాలిపడింది. "సాంబారే ఈడికి ఎత్తుకోని రా. మా ఇంట్లోనే ఏసిస్తా."

(సాంబారులో కరిగాక అది ఉప్పు కాదట. సరుకు రూపం మారితే రూలు మారడం ఏ శాఖలోనైనా ఉన్నదే.)

కాలే గిన్నెను గుడ్డతో పట్టుకుని మల్లికార్జున్ వీధిన పడ్డాడు. వింత చూద్దామని స్టాన్లీ కూడా వెంట నడిచాడు. అనసూయ ఉప్పు వేసి కలపగానే అక్కడే నిలబడి రుచి చూశాడు.

"సరుకు కదల్లేదు, కస్టమరే కదిలాడు! ట్రక్ లేదు, డీజిల్ లేదు. రెవల్యూషన్ అయ్యా ఇది! ఐడియా నీదేనా?"

"నాదే సార్," అన్నాడు మల్లికార్జున్. ప్రమోషన్ అక్కడికక్కడే ఖాయమైంది. అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

త్వరలోనే కంపెనీ 'స్థిర సరుకు, చర వినియోగదారు' పథకం ప్రవేశపెట్టింది. వీధికో గదిలో సరుకులుంటాయి, జనమే వచ్చి తీసుకెళ్తారు. మొదటి కేంద్రం నాగరాజు అంగడి గదిలోనే తెరిచారు. మేనేజరు ఉద్యోగానికి నాగరాజు దరఖాస్తు పెట్టుకున్నాడు. కొత్త వైస్ ప్రెసిడెంటు బాధపడుతూనే తిరస్కరించాడు.

ఈ రంగంలో అనుభవం చాలదట.